ఓర్పు కాదు... ఏర్పాటు కావాలి

రొమ్ము క్యాన్సర్‌కి మొదటి కీమో అనగానే ఇల్లంతా బెంబేలెత్తిపోతుంది. ధైర్యం చెప్పేవాళ్లు పదిమంది వస్తారు. ఏ రోజు ఏమవుతుందో, అప్పుడేం చేయాలో చెప్పేవాళ్లు మాత్రం అరుదు. నిజానికి ఈ చికిత్స సజావుగా సాగడం ఆస్పత్రిలో గడిచే కొన్ని గంటల మీదే కాదు, విడతకీ విడతకీ మధ్య ఇంట్లో గడిచే మూడు వారాల మీద కూడా ఆధారపడి ఉంటుంది.

‘ఎంత బాధైనా పంటి బిగువున ఓర్చుకుంటుంది, పైకి ఒక్క మాట అనదు’... మన ఇళ్లలో ఆడవాళ్లకు దక్కే పెద్ద మెచ్చుకోలు ఇది. పురిటి నొప్పుల నుంచి మోకాళ్ల నొప్పుల దాకా అన్నింటికీ ఇదే కొలబద్ద. రొమ్ములో గడ్డ చేతికి తగిలినా పిల్లల పరీక్షలయ్యాక చూద్దాం, కూతురి పెళ్లయ్యాక చెబుదాం అని నెలలు దాటించేదీ ఈ ఓర్పుతోనే. క్యాన్సర్ అని తేలి, కీమోథెరపీ మొదలయ్యాక కూడా చుట్టూ ఉన్నవాళ్లు ఇచ్చే సలహా అదే: ‘కాస్త ఓర్చుకో తల్లీ, అన్నీ సర్దుకుంటాయి.’ అలా అనేవాళ్ల ప్రేమను శంకించాల్సిన పనిలేదు. కానీ కీమో విషయంలో అది తప్పుడు సలహా. ఓర్చుకోక తప్పని బాధ కొంత ఉంటుంది, నిజమే. అయితే ఈ చికిత్సలో వచ్చే ఇబ్బందుల్లో చాలావాటిని ముందే ఊహించవచ్చు. కొన్నింటిని రాకుండానే ఆపవచ్చు. ఒకటి రెండింటిని ఓర్చుకుంటే మాత్రం ప్రాణం మీదికే వస్తుంది. ఏది ఏ కోవలోకి వస్తుందో ఆమెకు తెలియాలంటే మొదటి సూది పడకముందే అన్నీ వివరంగా చెప్పాలి. ఒంట్లో తేడా కనిపించగానే చెప్పుకునేందుకు ఒక మనిషి, ఒక ఫోన్ నంబరు ఉండాలి. ఈ ఏర్పాటంతా చికిత్సలో భాగం. వీలైతే చేసే సాయంగా దాన్ని చూస్తున్నంతకాలం మనం నష్టపోతూనే ఉంటాం.

ఇది ఏ కొద్దిమందికో సంబంధించిన సంగతి కాదు. భారతీయ స్త్రీలలో అన్నిటికన్నా ఎక్కువగా కనిపిస్తున్న క్యాన్సర్ ఇదే. అంతర్జాతీయ అంచనాల ప్రకారం 2022లో మనదేశంలో దాదాపు లక్షా 92 వేల మందికి రొమ్ము క్యాన్సర్ కొత్తగా బయటపడింది. దాదాపు 98 వేల మంది దానితో చనిపోయారు. గడ్డ చిన్నగా ఉన్నప్పుడే వచ్చేవాళ్లు మన దగ్గర తక్కువ. అందుకే కీమో అవసరమయ్యేవాళ్లు ఎక్కువ. చాలామందికి గడ్డను కుదించేందుకు ఆపరేషన్‌కి ముందే మొదలుపెడతారు. హైదరాబాద్‌లోని ఎంఎన్‌జే, బసవతారకం ఆస్పత్రులకైనా, విశాఖలోని హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రికైనా దూరపు ఊళ్ల నుంచి వచ్చి కీమో ఎక్కించుకునేవాళ్లలో చాలామంది మళ్లీ ఊరికి బయల్దేరాల్సిందే. ఆ తర్వాత ఇరవై రోజులూ వాళ్లకు డాక్టరూ, నర్సూ ఇంట్లోవాళ్లే. కాబట్టి ఆ ఇంటికి ఏం తెలుసన్నదే అసలు ప్రశ్న.

సుబ్బారావు తెరిచిన దారి

కీమో మందు ఏం చేస్తుందో తెలిస్తే దాని బాధల్లో సగం అర్థమైపోతాయి. క్యాన్సర్ కణాలు ఆగకుండా విభజన చెందుతుంటాయి. కీమో మందులు ప్రధానంగా ఆ విభజన మీదే దెబ్బ కొడతాయి. కానీ మన ఒంట్లో వేగంగా విభజన చెందే మంచి కణాలూ ఉన్నాయి. జుట్టు కుదుళ్లు, నోటి లోపలి పొర, పేగుల పొర, రక్తకణాలు తయారయ్యే ఎముక మూలుగ... ఇవన్నీ ఆ కోవలోవే. జుట్టు రాలడం, నోరు పూయడం, విరేచనాలు, తెల్లరక్తకణాలు పడిపోవడం ఇందువల్లే. అంటే ఇవి రోగి తలరాతను బట్టో, ఒంటి తత్వాన్ని బట్టో ఇష్టం వచ్చినట్టు ఊడిపడేవి కావు. ఏ మందుకి ఏ ఇబ్బంది, ఇంచుమించు ఏ రోజుకి వస్తుందో వైద్యులకు దశాబ్దాలుగా తెలుసు. మనిషికీ మనిషికీ తీవ్రతలో తేడా ఉండవచ్చు, కానీ వరుస పెద్దగా మారదు. ఆ వరుస రోగికి మాత్రం తెలియకపోవడానికి ఏ కారణమూ సమర్థనీయం కాదు.

ఈ మందుల చరిత్రలో మనకు గర్వకారణమైన పేరొకటి ఉంది. 1895లో భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో నడిపించిన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని అడ్డుకునే మందులను తయారుచేసింది. వాటిలో ఒకటైన అమినోప్టెరిన్‌తో సిడ్నీ ఫార్బర్ పిల్లల్లో వచ్చే రక్త క్యాన్సర్‌ను తాత్కాలికంగానైనా అదుపు చేయగలిగారు. ఆ ఫలితాలు వెలువడిన 1948లోనే సుబ్బారావు కన్నుమూశారు. అదే కోవకు చెందిన మెథోట్రెక్సేట్ ఆ తర్వాత రొమ్ము క్యాన్సర్ చికిత్సలోకి వచ్చింది. ఇటలీలోని మిలాన్‌లో బొనడొన్నా బృందం ఆపరేషన్ అయిన స్త్రీలకు ‘సీఎంఎఫ్’ అనే మూడు మందుల కలయిక ఇచ్చి, క్యాన్సర్ తిరగబెట్టడం తగ్గుతోందని 1976లో ప్రకటించింది. ఆ మూడింటిలో ‘ఎం’ మెథోట్రెక్సేటే. ఇప్పుడు డాక్సోరుబిసిన్, సైక్లోఫాస్ఫమైడ్, పాక్లిటాక్సెల్ వంటి మందులు ముందుకు వచ్చాయి. దాదాపు లక్షమంది స్త్రీలు పాల్గొన్న ప్రయోగాలను కలిపి చూసి 2012లో ప్రచురించిన విశ్లేషణ ప్రకారం, ఇలాంటి మందులతో రొమ్ము క్యాన్సర్ మరణాలు దాదాపు మూడోవంతు తగ్గాయి. కీమో వల్ల బాధ ఉంటుంది. ఆ బాధకు ఫలం కూడా ఉంటుంది. రెండూ నిజాలే, రెండూ ఆమెకు చెప్పాలి.

మొదటి సూదికి ముందు

ఏర్పాటులో మొట్టమొదటిది ఒక ప్రశ్న: ‘నాకు కీమో తప్పనిసరా?’ ఇలా అడిగితే డాక్టర్‌ని నమ్మనట్టని చాలామంది సంకోచిస్తారు. అలా అనుకోనక్కర్లేదు. పదివేల మందికి పైగా స్త్రీలతో సాగి 2018లో ఫలితాలు వెలువడిన టైలర్ఎక్స్ అనే ప్రయోగం, హార్మోన్ గ్రాహకాలు ఉండి, హెర్2 అనే ప్రొటీన్ అధికంగా లేకుండా, చంకలోని గ్రంథులకు పాకని క్యాన్సర్లలో చాలామందికి హార్మోన్ మాత్రలే సరిపోతాయని, కీమోతో అదనపు లాభం లేదని తేల్చింది. యాభై ఏళ్లలోపు వాళ్లలో కొందరికి మాత్రం కొంత లాభం కనిపించింది. దాన్ని తేల్చే జన్యు పరీక్ష ఖరీదైనదే, అందరికీ వర్తించదు కూడా. కానీ తన క్యాన్సర్ ఏ రకం, ఏ దశ, కీమోతో తనకు ఒనగూరే లాభమెంత అని అడిగే హక్కు ప్రతి స్త్రీకీ ఉంది. ఆ జవాబు విని, సరేనని మనస్ఫూర్తిగా ఒప్పుకున్న మనిషి మధ్యలో మానేసే అవకాశం తక్కువ. ఇక అవసరమని తేలాక తాత్సారం పనికిరాదు. ఆపరేషన్ తర్వాత కీమో మొదలుపెట్టడానికి మూడు నెలలకు మించి ఆలస్యమైన వాళ్లలో మరణాలు ఎక్కువగా ఉన్నట్టు కాలిఫోర్నియాలోని రోగుల వివరాలను పరిశీలించిన అధ్యయనం 2016లో చూపించింది. మంచిరోజు కోసం, ఆషాఢం వెళ్లిపోవడం కోసం ఆగే వ్యవధి ఈ చికిత్సలో లేదు.

తర్వాతివి పరీక్షలు. రక్తకణాల లెక్క చూసే సీబీపీ, లివర్, కిడ్నీ పరీక్షలు అందరికీ చేస్తారు. డాక్సోరుబిసిన్ ఇవ్వాలంటే గుండె పనితీరు చూసేందుకు టూడీ ఎకో తీస్తారు. ఆ మందు గుండె మీద పడుతుందన్న భయం నిరాధారం కాదు. అందుకే జీవితం మొత్తంలో ఇవ్వదగ్గ మోతాదుకి ఒక హద్దు పెట్టారు. అది చదరపు మీటరు ఒంటి వైశాల్యానికి 450 నుంచి 550 మిల్లీగ్రాములు. రొమ్ము క్యాన్సర్‌కి మామూలుగా ఇచ్చే నాలుగు విడతలూ కలిపితే 240. ఈ లెక్క చెబితే ఎంత భయం తగ్గుతుందో! హెపటైటిస్-బి పరీక్ష కూడా ముఖ్యం. ఒంట్లో నిద్రాణంగా ఉన్న ఆ వైరస్ కీమోతో విజృంభించి కాలేయాన్ని దెబ్బతీయవచ్చు. ముందే తెలిస్తే మాత్రలతో ఆపవచ్చు. పుచ్చిపోయిన పన్ను ఉంటే కీమోకి ముందే చూపించుకోవాలి. రక్తకణాలు పడిపోయాక అదే పన్ను ఇన్ఫెక్షన్‌కి దారి ఇస్తుంది. షుగరు, బీపీ మాత్రలతో పాటు ఇంట్లో వాడే ఆయుర్వేద గుళికలు, పసర్ల సంగతి కూడా దాచకుండా చెప్పాలి.

ఎవరూ నోరు విప్పని విషయం ఇంకొకటుంది. ముప్ఫయిల్లో ఉన్న స్త్రీకి కీమో ఇస్తే అండాశయాలు దెబ్బతిని, నెలసరి ఆగిపోవచ్చు, పిల్లలు పుట్టే అవకాశం తగ్గవచ్చు. అండాలనో పిండాలనో తీసి భద్రపరచుకునే వీలు ఉన్నా, అది సాధారణంగా మొదటి సూదికి ముందే జరగాలి. ‘ప్రాణం దక్కితే చాలు, పిల్లల మాట ఇప్పుడెందుకు’ అని పెద్దవాళ్లు కొట్టిపారేస్తే, కోలుకున్న తర్వాత ఆమె జీవితాంతం మోయాల్సిన లోటు అది. ఆ నిర్ణయం ఆమెది. అవుననుకున్నా, కాదనుకున్నా ముందు ఆ దారి ఒకటుందని ఆమెకు తెలియాలి. అలాగే నెలసరి ఆగినంత మాత్రాన గర్భం రాదనుకోవడానికి లేదు. చికిత్స సాగినన్నాళ్లూ గర్భం రాకుండా జాగ్రత్తపడాలి, అదీ హార్మోన్లు లేని పద్ధతులతోనే.

ఎర్ర మందు ఎక్కే వేళ

డే కేర్‌లో ఆ పూట ఏం జరుగుతుందో ముందే తెలిస్తే మంచం మీద పడుకోగానే గుండె దడదడలాడదు. ముందు సీబీపీ రిపోర్టు చూస్తారు. కణాలు సరిపడా ఉంటేనే ముందుకు వెళ్తారు. సూది పెట్టాక మొదట ఎక్కించేవి వాంతులు రాకుండా ఆపే మందులు. ఆ తర్వాతే డాక్సోరుబిసిన్. అది చిక్కటి ఎర్రరంగులో ఉంటుంది. సెలైన్ ధార పక్కన పారుతుండగా నర్సు దాన్ని సిరంజితో కొద్దికొద్దిగా, నిదానంగా నరంలోకి పంపుతుంది. మధ్యమధ్య సూది నరంలోనే ఉందో లేదో చూసుకుంటుంది. ఆ జాగ్రత్తకు కారణముంది. ఈ మందు నరం దాటి బయటికి కారితే అక్కడి కండను కాల్చేస్తుంది. మానడానికి నెలలు పట్టవచ్చు, ఒక్కోసారి ఆపరేషన్ కూడా కావాలి. సూది పెట్టిన చోట మంటగానీ, నొప్పిగానీ, వాపుగానీ రాగానే ఆ క్షణమే చెప్పాలి. ‘సూదన్నాక మంట ఉంటుందిలే’ అని కళ్లు మూసుకుని ఓర్చుకుంటే జరగరాని నష్టం జరుగుతుంది. నరాలు సన్నగా ఉన్నవాళ్లకు, ఎక్కువ విడతలు కావాల్సినవాళ్లకు ఛాతీ దగ్గర చర్మం కింద పోర్ట్ అనే మందు ఎక్కించే పరికరం అమర్చడం మేలు. దాని గురించి కూడా ముందే అడగాలి.

ఇంటికి వెళ్లాక మూత్రం ఎర్రగా వస్తుంది. అది రక్తం కాదు, మందు రంగు. ఒకటి రెండు రోజుల్లో పోతుంది. ఈ ఒక్క మాట చెప్పకపోవడం వల్ల అర్ధరాత్రి హడలిపోయే ఇళ్లు ఎన్నో! ఈ ఎర్ర మందుతో పాటు ఇచ్చే సైక్లోఫాస్ఫమైడ్ మూత్రాశయాన్ని రేపుతుంది కాబట్టి నీళ్లు బాగా తాగాలి, మూత్రం ఆపుకోకూడదు. తిరుగు ప్రయాణంలో బస్సు ఎక్కడ ఆగుతుందో అని నీళ్లు తాగడం మానేసే అలవాటు మన ఆడవాళ్లకు ఉంది. ఆ రోజు మాత్రం అది వద్దు. తర్వాతి నెలల్లో పాక్లిటాక్సెల్ మొదలయ్యాక ఇబ్బందులు మారతాయి. మొదటి రెండు విడతల్లో మందు మొదలైన కాసేపటికే ఆయాసం, ఛాతీ బిగపట్టడం, ముఖం ఎర్రబడటం కనిపించవచ్చు. వెంటనే చెబితే మందు ఆపి, అలర్జీకి ఇంజెక్షన్ ఇచ్చి, సర్దుకున్నాక చాలామందికి మళ్లీ నిదానంగా ఎక్కించగలుగుతారు. ఇక వారాలు గడిచేకొద్దీ వేళ్ల కొసలు తిమ్మిరెక్కడం, జాకెట్టు హుక్కు పెట్టుకోలేకపోవడం, కాలి చెప్పు జారినా తెలియకపోవడం వంటివి వస్తే అవి డాక్టర్‌కి తప్పక చెప్పాల్సిన సంగతులు. మోతాదు సర్దకపోతే కొందరిలో ఆ తిమ్మిరి శాశ్వతంగా ఉండిపోతుంది.

ఇంట్లో ఆ మూడు వారాలు

కీమో అంటే వాంతులు అన్న భయం పాతకాలపు అనుభవం నుంచి వచ్చింది, సినిమాలు దాన్ని పెంచాయి. ఇవాళ వాంతులను చాలావరకు ఆపే మందులున్నాయి. డాక్సోరుబిసిన్, సైక్లోఫాస్ఫమైడ్ కలిపి ఇచ్చినప్పుడు నాలుగు రకాల మందులు కలిపి వాడాలని ప్రపంచవ్యాప్త మార్గదర్శకాలు చెబుతున్నాయి. వాటిలో ఒకటైన ఒలాంజపైన్ చవకైన మాత్ర, కాకపోతే పగలంతా మత్తుగా ఉంచుతుంది. దానికి మన దేశమే ఒక పరిష్కారం చూపింది. ముంబైలోని టాటా మెమోరియల్ ఆస్పత్రి వైద్యులు పది మిల్లీగ్రాములకు బదులు రెండున్నర మిల్లీగ్రాములు ఇచ్చినా వాంతులు అంతే బాగా ఆగుతాయని, మగత తగ్గుతుందని నిరూపించి 2024లో ప్రచురించారు. అయితే ఈ మాత్రలు వాంతి వచ్చాక వేసుకునేవి కావు. రాకముందే, చెప్పిన వేళకు, చెప్పినన్ని రోజులు వేసుకోవాలి. ‘బాగానే ఉందిగా’ అని రెండో రోజే ఆపేస్తే మూడో రోజు వికారం పట్టుకుంటుంది. వాంతులకు ఇచ్చే కొన్ని మందులు మలబద్ధకం తెస్తాయి. వాటిలోనే ఒకటైన డెక్సామెథాసోన్ రెండు మూడు రాత్రులు నిద్ర పట్టనివ్వదు, షుగర్ ఉన్నవాళ్లకు దాన్ని పెంచుతుంది. ఇవన్నీ సర్దుబాటు చేయదగ్గవే. మొదటి విడతలో ఏం జరిగిందో డాక్టర్‌కి చెబితే రెండో విడతకి మందులు మారతాయి, చెప్పకపోతే రెండోసారి కూడా అదే తంతు.

అన్నిటికన్నా ముఖ్యమైంది జ్వరం. మందు ఎక్కిన ఏడో రోజు నుంచి పద్నాలుగో రోజు మధ్యలో తెల్లరక్తకణాలు, అందులోనూ సూక్ష్మజీవులతో పోరాడే న్యూట్రోఫిల్స్, బాగా కిందికి పడిపోతాయి. వాంతులు తగ్గి, ‘గండం గడిచింది’ అని ఇల్లు ఊపిరి పీల్చుకునే రోజులవి. సరిగ్గా అప్పుడే అప్రమత్తత కావాలి. పోరాడే కణాలు లేనప్పుడు ఇన్ఫెక్షన్ వచ్చినా చీము పట్టదు, వాపు కనిపించదు. జ్వరం ఒక్కటే గుర్తు కావచ్చు. ఇంట్లో థర్మామీటర్ ఉండి తీరాలి. 100.4 డిగ్రీలు చూపిస్తే అది తెల్లారేదాకా ఆగే వ్యవహారం కాదు. ఆస్పత్రికి చేరిన గంటలోపు నరానికి యాంటీబయాటిక్ పడాలన్నది వైద్య ప్రమాణం. మన అలవాటు ఇందుకు పూర్తిగా విరుద్ధం. డోలో వేసుకుని ముసుగు తన్ని పడుకుంటాం. లేదంటే ఊళ్లోని ఆర్‌ఎంపీని పిలిచి సూది వేయించుకుంటాం. మాత్రతో జ్వరం దిగుతుంది, ఇన్ఫెక్షన్ దిగదు. పైగా గుర్తు మాయమవుతుంది. కొన్ని గంటల్లోనే బీపీ పడిపోయి ప్రాణాపాయం రావచ్చు. అందుకే మొదటి కీమోకి ముందే తేల్చుకోవాల్సినవి: రాత్రి జ్వరం వస్తే ఏ నంబరుకి ఫోన్ చేయాలి, దగ్గర్లో ఏ ఆస్పత్రికి వెళ్లాలి, బండి ఎవరిది. ఏ మందు ఏ తేదీన ఎక్కించారో రాసిన చీటీ ఆమె చేతిసంచిలో ఉండాలి. ఆ ఆస్పత్రిలో డ్యూటీ డాక్టర్‌కి మొదట చెప్పాల్సిన మాట ‘కీమో తీసుకుంటున్నాం’ అన్నదే.

తిండి విషయంలో వచ్చిన చుట్టమల్లా ఒక నిషేధం వినిపిస్తాడు. పెరుగు వద్దని ఒకరు, పండ్లు వద్దని ఒకరు, గుడ్డు వేడని మరొకరు. ఇవన్నీ పాటిస్తే చివరికి ఆమెకు మిగిలేది చారన్నమే. పచ్చి కూరగాయలు, పండ్లు పూర్తిగా మాన్పించినా ఇన్ఫెక్షన్లు తగ్గలేదని ప్రయోగాల్లో తేలింది. శుభ్రంగా కడగడం, తాజాగా వండటం, బయటి తిండి మానడం ముఖ్యం. దెబ్బతిన్న కణాలు మళ్లీ తయారవడానికి మాంసకృత్తులు కావాలి కాబట్టి పప్పు, బాగా ఉడికిన గుడ్డు, పాలు, చేప, మాంసం ఎవరి అలవాటును బట్టి వాళ్లు తినాలి. నోరు పూసినప్పుడు ఆవకాయ, ఊరగాయలు పక్కనపెట్టి, ఇడ్లీ, మెత్తటి పెరుగన్నం, చల్లారిన రాగిజావ కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు తీసుకోవాలి. ఉప్పు, వంటసోడా కలిపిన నీళ్లతో రోజుకి నాలుగైదుసార్లు పుక్కిలించాలి. నీరసంగా ఉందని పూర్తిగా మంచానికి అతుక్కుపోతే నీరసం పెరుగుతుంది. రోజూ కాసేపు నడిస్తే తగ్గుతుందని ఎన్నో అధ్యయనాలు చూపించాయి. ఇక కంచం, గ్లాసు వేరు పెట్టడం, పసిపిల్లల్ని దగ్గరికి రానివ్వకపోవడం అన్యాయం. క్యాన్సర్ అంటువ్యాధి కాదు. మందు వ్యర్థాలు బయటికి పోయే మొదటి రెండు రోజులు బాత్రూంలో నీళ్లు ఎక్కువ పోయడం, ఆమె వాంతులు, మలమూత్రాలు శుభ్రం చేసేవాళ్లు చేతికి తొడుగు వేసుకోవడం చాలు.

జుట్టు గురించి ‘అదెంత, మళ్లీ వస్తుందిలే’ అనడం తేలిక. తిరుమలలో తలనీలాలు సమర్పించే ఆచారం ఉన్న మనకు గుండు కొత్త కాదు. కానీ మొక్కుకుని ఇష్టంగా ఇచ్చే జుట్టు వేరు, దువ్వెనకు కుచ్చులు కుచ్చులుగా ఊడివచ్చే జుట్టు వేరు. పైగా తలమీద జుట్టు లేకపోతే జబ్బు ఊరందరికీ తెలిసిపోతుంది. ఈ మందులతో మొదటి సూది తర్వాత రెండు మూడు వారాల్లో జుట్టు రాలడం మొదలవుతుంది. తలను చల్లబరిచే యంత్రంతో అమెరికాలో చేసి 2017లో ప్రచురించిన ప్రయోగంలో దాదాపు సగంమందికి జుట్టు చాలావరకు నిలిచింది. యంత్రం వాడనివారిలో ఒక్కరికీ నిలవలేదు. మన దగ్గర ఆ సదుపాయం పెద్ద నగరాల్లోని కొన్ని ఆస్పత్రులకే పరిమితం. అది లేకపోయినా, ఏ వారంలో రాలుతుందో ముందే తెలిస్తే జుట్టు పొట్టిగా కత్తిరించుకోవాలా, విగ్గు తెచ్చుకోవాలా, స్కార్ఫ్ చాలా, అసలేమీ వద్దా అన్నది ఆమే తేల్చుకుంటుంది. ఆ మాత్రం నిర్ణయం ఆమె చేతిలో ఉండటం చిన్న విషయం కాదు.

‘చెబితే భయపడదా?’

ఇన్ని చెబితే బెదిరిపోయి చికిత్సే వద్దంటుందన్నది కుటుంబాల ప్రధాన అభ్యంతరం. కొన్ని ఇళ్లలో అసలు క్యాన్సర్ అనే మాటే ఆమెకు చెప్పరు. సంతకాలు భర్తో కొడుకో పెడతారు. ఈ భయంలో కొంత నిజం ఉంది. వికారం తప్పదని గట్టిగా నమ్మినవాళ్లకు వికారం ఎక్కువగా రావడం పరిశోధకులు గమనించారు. అయితే దానికి విరుగుడు మౌనం కాదు. తుపాన్ల సంగతే చూడండి. 1977 నవంబరులో దివిసీమ తుపాను పదివేల మందిని బలితీసుకుంది. 2014లో హుద్‌హుద్ నేరుగా విశాఖ నగరాన్నే తాకినా ప్రాణనష్టం పదుల్లో ఆగింది. తుపాన్లు రావడం ఆగలేదు, ఎప్పుడొస్తుందో, ఎక్కడికి వెళ్లాలో జనానికి ముందే చెప్పడం మొదలైంది. ప్రమాదం ఒక్కటే చెప్పి వదిలేస్తే భయం పుడుతుంది. ప్రమాదంతో పాటు చేయాల్సిన పనీ చెబితే జాగ్రత్త పుడుతుంది. ‘వాంతులవుతాయి’ అని ఊరుకోకుండా ‘వాంతులు రాకుండా ఈ మాత్ర, వస్తే ఈ నంబరు’ అని చెప్పాలి. ఎలాగూ పక్క మంచం మీది రోగినో, ఫోన్‌లో వీడియోలనో చూసి ఆమె ఏదో ఒకటి తెలుసుకుంటుంది. అక్కడ దొరికే సగం నిజాల కన్నా డాక్టర్ నోట వచ్చే పూర్తి నిజం మేలు.

‘ఈ విషాలు ఎక్కించుకునే బదులు ప్రకృతి వైద్యం చేయించుకుంటే పోలా’ అనేది రెండో మాట. కీమో మందులు విషపూరితమైనవని ఎవరూ కాదనరు. కానీ అమెరికాలో వేలాది రోగుల వివరాల నుంచి ఏరి పోల్చిన అధ్యయనం 2018లో ప్రచురితమైంది. ఆధునిక చికిత్సను పూర్తిగా వదిలి ప్రత్యామ్నాయ వైద్యాన్నే నమ్ముకున్న రొమ్ము క్యాన్సర్ రోగుల్లో మరణించే ముప్పు ఐదున్నర రెట్లకు పైగా ఉన్నట్టు అందులో తేలింది. ఇక కీమోతో పాటే పసర్లు, ఆకురసాలు తాగితే, వాటిలో కొన్ని కాలేయం మీద భారం వేస్తాయి. ప్రాణాయామం, ధ్యానం, పూజ, ప్రార్థన ఇవేవీ మానక్కర్లేదు. నోట్లోకి వెళ్లే ప్రతిదాని గురించీ మాత్రం డాక్టర్‌ని అడగాలి. బాధలకు సరైన ఏర్పాటు లేకపోవడం వల్లే చాలామంది మధ్యలో పారిపోయి ప్రత్యామ్నాయ వైద్యం తలుపు తడతారన్నది కూడా గుర్తించాలి. తొలితరం కీమో తీసుకున్న స్త్రీలను ఇరవై ఏళ్లపాటు గమనించిన మిలాన్ బృందం 1995లో చెప్పిందేమిటంటే, నిర్ణయించిన మోతాదులో కనీసం 85 శాతం పొందినవాళ్లకే ఎక్కువ మేలు జరిగింది. చికిత్సను పూర్తి చేయనిచ్చే ప్రతి ఏర్పాటూ చికిత్సంత విలువైనదే.

డాక్టర్లకు తీరికెక్కడిదన్నది మూడోది. ఓపీ బయట వందలమంది బారులు తీరే చోట ఒక్కొక్కరికీ అరగంట కేటాయించడం అసాధ్యమే. కానీ ఈ పనికి పెద్ద డాక్టరే అక్కర్లేదు. న్యూయార్క్‌లోని స్లోన్ కెటరింగ్ క్యాన్సర్ ఆస్పత్రిలో కీమో పొందుతున్న 766 మందితో ఒక ప్రయోగం చేశారు. కొందరు తమ బాధలను ఎప్పటికప్పుడు కంప్యూటర్‌లో నమోదు చేసే ఏర్పాటు చేశారు. బాధ ముదిరితే ఆ సమాచారం నర్సుకి చేరేది. మిగతావాళ్లకు మామూలు వైద్యమే. 2017లో వెలువడిన ఫలితం వైద్య ప్రపంచాన్నే ఆశ్చర్యపరిచింది. బాధలు నమోదు చేసినవాళ్లు మధ్యస్థంగా 31.2 నెలలు బతికితే, మిగతావాళ్లు 26 నెలలు బతికారు. వాళ్లంతా రకరకాల క్యాన్సర్లు ముదిరినవాళ్లు. తొలిదశ రొమ్ము క్యాన్సర్‌కి ఆ అంకెలను యథాతథంగా అన్వయించలేం. అయినా సారం స్పష్టం: బాధను సకాలంలో చెప్పుకోవడం, విని స్పందించే మనిషి ఉండటం ఆయుష్షును పొడిగించాయి. శిక్షణ పొందిన ఒక నర్సు, తెలుగులో ఒక కాగితం, రాత్రిపూట కూడా ఎత్తే ఒక ఫోను... ఏ ఆస్పత్రికీ ఇవి మోయలేని భారం కాదు.

చివరిది డబ్బు. 2007లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన ఆరోగ్యశ్రీ కీమోను చాలా పేద ఇళ్లకు అందుబాటులోకి తెచ్చింది. తెలంగాణలో పథకం పరిమితిని 2023 డిసెంబరులో పది లక్షలకు పెంచారు. ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో కొనసాగుతోంది. కానీ ప్రయాణం, తోడు వచ్చిన మనిషి కూలి, నగరంలో బస, అర్ధరాత్రి జ్వరానికి ఆటో... ఇవి జేబులోంచే పోతాయి. రైల్వే రాయితీ ఉందని, చికిత్సకు వెళ్లే రోగికి స్లీపర్, థర్డ్ ఏసీ తరగతుల్లో టికెట్టు ఉచితమని, తోడు వెళ్లేవారికి కూడా రాయితీ ఉందని చాలామందికి తెలియదు. ఆస్పత్రి ఇచ్చే ధ్రువపత్రం చాలు. ఈ మాట చెప్పడం కూడా కీమోకి సిద్ధం చేయడంలో భాగమే. డబ్బు లెక్క మొదటి విడతకి ముందే కుదిరితే నాలుగో విడత దగ్గర చికిత్స ఆగిపోదు.

కాబట్టి మీ ఇంట్లో అమ్మకో, అక్కకో, భార్యకో కీమో మొదలవుతుంటే ముందు ఆమె పక్కన కూర్చుని, ఆమెకే నేరుగా అన్నీ చెప్పమని డాక్టర్‌ని అడగండి. ప్రశ్నలు కాగితం మీద రాసుకుని తీసుకెళ్లండి. థర్మామీటర్ కొనండి. ప్రతి విడత తర్వాత ఏ రోజు ఏమైందో చిన్న పుస్తకంలో రాయండి, లేదా ఆమె చెబుతుంటే పిల్లలతో రాయించండి. ఆస్పత్రులను నడిపేవాళ్లు, ప్రభుత్వాలు కూడా మందుకి ఇచ్చినంత ప్రాధాన్యం ఈ మాటలకూ ఇవ్వాలి. ఏ రోజు ఏమవుతుందో తెలుగులో రాసిన కాగితం, రాత్రి రెండింటికి చేసినా ఎత్తే ఫోన్ నంబరు... ఈ రెండూ అడిగి తీసుకోండి. అవి మీ చేతికి వచ్చాకే మొదటి కీమో గదిలోకి అడుగుపెట్టండి.